ఐదు రోజుల పెట్టె

పోయిన శీతాకాలం రక్తపరీక్షలో నా మూడు నెలల షుగర్ సగటు 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకూ ఉంటే షుగర్ గుమ్మంలోకి వచ్చి నిలబడినట్టు, 6.5కి చేరితే ఇంట్లోకి వచ్చేసినట్టే. మా అమ్మ కాలి పుండు మానక ఎన్ని నెలలు మంచాన పడి ఉందో కళ్లారా చూసినదాన్ని. పైగా స్కానింగులో లివర్‌కి కొవ్వు పట్టిందన్నారు. బీపీ మాత్ర ఎప్పటినుంచో ఉంది. బరువు తగ్గాలని అందరూ చెప్పేవారే. నడక, రాత్రిపూట చపాతీలు, అన్నం మానేయడం, అన్నీ అయ్యాయి. కొన్నాళ్లు తగ్గడం, మళ్లీ పెరగడం.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఆఫీసులో నాతో పనిచేసే ఆవిడ ఐదు రోజుల ఉపవాసం పెట్టె తెప్పించుకుని చేశానని చెప్పింది. పూర్తిగా కడుపు మాడ్చుకోనక్కర్లేదట. కొలిచి ఇచ్చినదే తింటూ, ఒళ్లు మాత్రం ఉపవాసంలో ఉన్నట్టు నడుచుకునేలా చేయడం దీని పద్ధతి. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వాల్టర్ లాంగో బృందం దీనిమీద ఏళ్ల తరబడి పనిచేసింది. 2017లో 'సైన్స్ ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్' పత్రికలో వాళ్ల పరిశోధన వచ్చింది. నూరు మందిని తీసుకున్నారు. నెలకు ఐదు రోజుల చొప్పున మూడు విడతలు. మొత్తం మీద 71 మంది మూడు విడతలూ పూర్తి చేశారు. వాళ్లకి బరువు, నడుం కొలత, బీపీ తగ్గాయి. మొదటినుంచీ షుగర్, కొలెస్ట్రాల్ లాంటివి ఎక్కువున్నవాళ్లలో మార్పు ఎక్కువగా కనిపించింది. నాకు ఆశ పుట్టించింది ఆ చివరి మాటే.

ఇలాంటి ఉపవాసాల ప్రచారంలో శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి 2016లో వచ్చిన నోబెల్ బహుమతిని కూడా తెగ చెబుతుంటారు. కణం తనలోని చెత్తను తానే అరిగించుకునే తీరు కనిపెట్టినందుకు ఇచ్చారు. అది గొప్ప పనే. కానీ ఆయన ఆ పని చేసింది ఈస్ట్ కణాల మీద. ఐదు రోజులు సూపు తాగితే నా ఒంట్లో ఎంత శుభ్రమవుతుందో ఆ బహుమతి చెప్పదు. ఆ ప్రచారం నమ్మి ఎవరూ డబ్బు పెట్టకూడదని నా అభిప్రాయం.

మొదలుపెట్టేముందు మా డాక్టరుగారిని అడిగాను. షుగర్ మందులు, ఇన్సులిన్ వాడుతూ ఉంటే ఒప్పుకునేదాన్ని కాదంది. "బీపీ మాత్ర వేసుకుంటున్నారు కాబట్టి పొద్దునా సాయంత్రం కొలుచుకోండి. పై నంబరు వందలోపుకి వస్తే ఆలస్యం చేయకుండా ఫోన్ చెయ్యండి" అంది.

నేను కొన్నప్పుడు పెట్టె ఖరీదు రెండొందల డాలర్ల పైచిలుకు. లోపల రోజుకొకటి చొప్పున ఐదు చిన్న పెట్టెలు. బాదం, మకడేమియా గింజల బార్లు, నీళ్లు పోసి కాచుకునే సూపు పొడులు, చిన్న పొట్లంలో ఆలివ్ కాయలు, కేల్ ఆకు బిస్కెట్లు, పుదీనా టీ సంచులు, విటమిన్ మాత్రలు, నాచు నూనె గొట్టం. రెండో రోజు నుంచి గ్లిసరిన్ కలిపిన తియ్యని నీళ్ల మందు ఒకటి, రోజంతా కొంచెం కొంచెంగా తాగాలి. మొదటిరోజు సుమారు 1,100 కేలరీలు, తర్వాతి నాలుగు రోజులూ 750కి అటూఇటూ. పాలు, పెరుగు, పప్పు దగ్గరికి రాకూడదు. ప్రొటీన్, చక్కెర రెండూ బాగా తగ్గితేనే ఇన్సులిన్ దిగి, ఒళ్లు దాచుకున్న కొవ్వు మీద పడుతుందట.

మొదటిరోజు తేలిగ్గానే గడిచింది. రెండోరోజు మధ్యాహ్నానికి కణతలు పగిలిపోతాయా అన్నంత తలనొప్పి. రోజుకి రెండుసార్లు చిక్కటి ఫిల్టర్ కాఫీ తాగే మనిషిని, అది మానేసిన ఫలితం. ఆకలి నేననుకున్నంత బాధించలేదు. వచ్చేది, అరగంట ఉండేది, పోయేది. బాధించింది చలి. ఇంట్లో హీటర్ తిరుగుతున్నా వేళ్లు కొంకర్లు పోయేవి. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. ఇక నిద్ర పట్టేది కాదు. బిర్యానీలూ అవీ కాదు, వేడన్నంలో కందిపొడి, నెయ్యి కలిపి మొదటి ముద్ద పెట్టుకోవడమే కళ్లముందు ఆడేది.

ఇంట్లో వంట మానడానికి వీల్లేదు. అత్తయ్య తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. బాబు బడి నుంచి ఆకలితో వస్తాడు. చారుకి ఇంగువ పోపు వేసి మూత పెట్టేసరికి నోరంతా నీళ్లూరి, కడుపులో మెలిపెట్టినట్టయ్యేది. ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూడ్డానికి లేదు. బాబుని పిలిచి చూడమనేదాన్ని. వాడు మామూలుగా "అమ్మా, నువ్వెప్పుడు తింటావ్?" అనడిగితే కళ్లల్లో గిర్రున నీళ్లు తిరిగాయి. వాడు భయపడిపోయాడు. అందరూ బల్ల దగ్గర కూర్చుంటే నేనెక్కడ కూర్చోవాలో తెలిసేది కాదు. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, రాత్రి కంచాలు, వీటి చుట్టూనే నా రోజు తిరిగేదని అవి పోయాక గానీ తెలియలేదు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఏం చేయాలో తోచేది కాదు.

అత్తయ్యకి ఏకాదశి ఉపవాసం చిన్నప్పటినుంచీ ఉంది. "అమ్మాయ్, ఏకాదశికి ఒక్కరోజే ఉంటాం. మర్నాడు ద్వాదశి పారణ ఉంటుంది. ఈ ఐదేసి రోజులేమిటే?" అన్నారు.

"సూపు తాగుతున్నాగా అత్తయ్యా."

"ఆ నీళ్లా? ఒక్క గ్లాసు పల్చటి మజ్జిగ తాగితే ఏం మునిగిపోతుంది?"

మజ్జిగలో ప్రొటీన్ ఉందని చెప్పాను. ఆవిడ మారు మాట్లాడలేదు గానీ, ఆ పూట తనూ సరిగా తినలేదు. అది నాకు తలనొప్పి కన్నా కష్టమైంది.

నాలుగోరోజు సాయంత్రం బట్టలు మడతపెట్టి లేచాను. కళ్లు బైర్లు కమ్మాయి. గోడ పట్టుకున్నాను, గోడ కూడా కదిలినట్టుంది. "అత్తయ్యా" అన్నట్టు గుర్తు, గొంతు పెగిలిందో లేదో తెలీదు. ఆవిడ పరుగున వచ్చి భుజం పట్టుకుని కింద కూర్చోబెట్టారు, కాళ్లు చాపించి వాటి కింద తలగడ ఎత్తు పెట్టారు. బాబు బీపీ మిషను తెచ్చి చేతికి పట్టీ చుట్టాడు. పైది 92, కిందిది 58. వాడి చేతులు వణకడం చూశాను. వెంటనే డాక్టరుగారి ఆఫీసుకి ఫోన్ చేశాం. ఆ రాత్రి బీపీ మాత్ర వేసుకోవద్దనీ, ఉప్పున్న సూపు నిదానంగా తాగి పడుకునే ఉండమనీ, గంటలో పెరగకపోతే ఉపవాసం ఆపి అన్నం తినేయమనీ నర్సు చెప్పింది. తెలివి తప్పినా, గుండెలో నొప్పి వచ్చినా 911కి చెయ్యమంది. గంట తర్వాత 104 వచ్చింది. మావారు ఆఫీసు నుంచి వచ్చేసరికి నేను నేలమీదే దుప్పటి కప్పుకుని ఉన్నాను.

ఎందుకలా అయిందో తర్వాత డాక్టరుగారు విడమరిచి చెప్పింది. ఇన్సులిన్ దిగిపోయినప్పుడు మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచవు, ఉప్పుతోపాటు నీరూ పోతుంది, దాంతో బీపీ తనంతట తనే తగ్గుతుంది. దానిమీద మాత్ర కూడా పనిచేస్తే మనిషి నిలబడలేడు. ఉపవాసం అనగానే అందరూ ఆకలిని తట్టుకోవడం గురించే అడుగుతారు. రోజూ మందులు మింగే మాలాంటి వాళ్లు ముందు అడగాల్సింది ఆ మందుల సంగతి. ఇది నేను ఎదురైన ప్రతివాళ్లకీ చెబుతున్నాను. గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ, సన్నగా బక్కచిక్కి ఉన్నవాళ్లకీ ఇలాంటివి అసలే కూడదు.

ఐదోరోజు ఆఫీసుకి వెళ్లలేదు, కారు ముట్టుకోలేదు. గంటగంటకీ బీపీ చూసుకుంటూ గడిపేశాను. ఆరోరోజు కూడా ఒక్కసారిగా మామూలు భోజనం చేయకూడదు. అత్తయ్య అన్నం మెత్తగా వండి, పెసరకట్టు పోసి, గుజ్జులా మెదిపి నాలుగు చెంచాలు పెట్టారు. ఆ పెసరకట్టులో జీలకర్ర, చిటికెడు పసుపు, ఉప్పు తప్ప ఏమీ లేవు. ఒక్కొక్క జీలకర్ర గింజ పంటికింద విడివిడిగా తెలిసింది. నాలుగు చెంచాలకే కడుపు నిండిపోయింది. ఆవిడ ఎదురుగా కూర్చుని అప్పుడు తన కంచంలో చెయ్యి పెట్టారు.

బరువు ఐదున్నర పౌండ్లు తగ్గింది. వారం తిరిగేసరికి అందులో సగం వెనక్కి వచ్చింది. లివర్‌లో, కండరాల్లో ఒళ్లు చక్కెర నిల్వగా దాచుకునే గ్లైకోజెన్ గ్రాముకి మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. మొదట దిగేది ఎక్కువగా ఆ నీరే, అన్నం తినగానే తిరిగొచ్చేదీ అదే. మిగతా సగం మాత్రం ఇప్పటిదాకా రాలేదు. రాత్రి ఎనిమిది దాటాక ఏదో ఒకటి నోట్లో వేసుకునే అలవాటూ మళ్లీ రాలేదు. డబ్బుకి దక్కిన ఫలితం నాకైతే ఇదేననిపిస్తోంది.

షుగర్ సంగతి అప్పుడే తేలదు. ఆ పరీక్ష చూసేది ఎర్రకణాలకి అంటుకున్న షుగర్‌ని. ఎర్రకణం బతికేది 120 రోజుల దాకా కాబట్టి మూడు నెలలు ఆగితే గానీ సగటులో మార్పు పూర్తిగా కనిపించదు. పరీక్షకి తేదీ తీసుకున్నాను. పరిశోధనలో వాళ్లు మూడు విడతలు చేశారు, నేను చేసింది ఒకటి. రెండోది చేయాలంటే బీపీ మాత్ర ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో డాక్టరుగారు ముందే కాగితం మీద రాసివ్వాలని అడిగాను, ఒప్పుకుంది. ఆ ఐదు రోజులూ ఇంట్లో నేను ఒంటరిగా ఉండకూడదని మావారు ఒక షరతు పెట్టారు. అత్తయ్య వేసవిదాకా ఇక్కడే ఉంటారు కాబట్టి, చేస్తే ఆ లోపే చేయాలి.