మా యింటి టెలివిజను మూగనోము

రోలు, రోకలి, కుంపటి మొదలగు వస్తువులు పాడైనచో ఇంటిలోని ఆడువారి నడుగకుండ ఎవ్వరును బాగుచేయింపరు. కాని విద్యుత్తుతో నడచు వస్తువు మొరాయించినచో, యజమాని వచ్చువఱకు దానిని తాకరాదను నియమ మొకటి మన యిండ్లలో నేటికిని కలదు. మొన్నటి వేసవిలో మా యింటి స్మార్ట్ టెలివిజను ఆఱు దినములు మూగనోము పట్టినది. ఆ కథ తోడి గృహిణులకు అక్కఱకు వచ్చునేమో యని వ్రాయుచున్నాము.

మా అత్తగారికి డెబ్బదియెనిమిదేండ్లు. రెండు కన్నులకును శుక్లములు తీయించితిమి గాని, సెల్‌ఫోనులోని చిన్న బొమ్మ ఆమెకు ఆనదు. మధ్యాహ్నము తిరుమల శ్రీవారి కల్యాణోత్సవము, సాయంకాలము పురాణ ప్రవచనము, రాత్రి డాలసునందున్న మనుమరాలు పంపు పసిబిడ్డ వీడియోలు, అన్నియు ఆ పెద్ద తెరమీదనే చూచును. కేబులు తీసివేసి రెండేండ్లయినది; ఇప్పుడు వచ్చునదెల్ల ఇంటర్నెట్టు ద్వారమే. మా వారు ఉద్యోగరీత్యా రాయగడలో నుందురు. నెలకొకమారు గాని రారు. మేము బ్యాంకునుండి వచ్చువఱకు ఆమెకు ఆ తెరయే తోడు. అది మూగవోయిన నాటినుండి ఆమె మధ్యాహ్నమెల్ల గోడవైపు తిరిగి పండుకొనియుండుట చూచి మాకు కడుపు తరుగుకొనిపోయెను.

జరిగినదేమనగా, ఇంటికి రంగులు వేయువారు టెలివిజనును గోడనుండి దింపి నాలుగు దినములు దుప్పటి కప్పియుంచిరి. తిరిగి తగిలించిన పిదప దానికి వైఫై దొరకదాయెను. అంగడికి కబురంపగా ఒక కుఱ్ఱవాడు వచ్చి, రిమోటు నాలుగుమాఱులు నొక్కి, “బోర్డు పోయిందమ్మా. ఆరువేలవుతుంది. సారు ఎప్పుడొస్తారు? సారుతో మాట్లాడతాను” అని వెడలిపోయెను. వెనుకమూతయైనను విప్పి చూడలేదు. ఆఱువేల మాటకంటె ఆ సారు మాటయే మాకు ఎక్కువ నొప్పి కలిగించెను. ఆ టెలివిజనుకు సొమ్ము చెల్లించినది మేమే!

వైఫై యనగా గొప్ప రహస్యమేమియు కాదు. వీథిలోనుండి తీగమీద వచ్చిన ఇంటర్నెట్టును రౌటరను చిన్న పెట్టె రేడియో తరంగములుగా మార్చి యింటిలో వెదజల్లును. కావున చెడినది తీగయా, పెట్టెయా, నడుమనున్న గాలిత్రోవయా, టెలివిజనా యని వరుసగా చూడవలెను. కుళాయిలో నీరు రాకున్న పొరుగింట వచ్చుచున్నదా యని మొదట అడుగుదుము, పిమ్మట మేడమీది తొట్టి చూతుము. ముందుగానే గోడ త్రవ్వింపము గదా.

మా సెల్‌ఫోను అదే వైఫైతో చక్కగా నడచుచుండెను. ఇట్లు పరీక్షించునప్పుడు ఫోనులోని మొబైలు డేటాను ఆపవలెను సుమా. లేకున్న అది తన సొంత దారిని పోయి మనలను మోసగించును. దీనినిబట్టి తీగయు పెట్టెయు నిర్దోషులని తేలినది.

ఇక గాలిత్రోవ. రంగులవారు రౌటరును పడకటింటిలో ఇనుప బీరువా వెనుకకు నెట్టిరి. ఇనుము ఈ తరంగములకు అడ్డుగోడ. అదియుగాక రౌటరులు పెక్కు రెండు తీరుల తరంగములను పంపును. 2.4 గిగాహెర్ట్జుల తరంగము పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జులది సుమారు 6. పొట్టిది త్వరితముగా పనిచేయును గాని గోడలు దాటుటలో నీరసించును; పొడుగుది నిదానముగనైనను దూరము పోవును. చౌక టెలివిజనులు పలు మొదటిదానినే గ్రహింపగలవు. ఫోనులో కనబడు వైఫై పేరు తెరమీద కనబడకుండుటకు ఇదియు నొక కారణము. పెట్టెను ముందుగదిలోనికి తెచ్చి ఎత్తుబల్లమీద నుంచగానే పేరు కనబడెను. పాలు కాచుకొను మైక్రోవేవు పొయ్యియు 2.4 దరిదాపులనే పనిచేయును గనుక దాని ప్రక్కను మాత్రము పెట్టరాదు.

పాస్‌వర్డు మార్చనిచో అది సాధారణముగా పెట్టె అడుగున చీటీమీద నుండును. ఇంగ్లీషు పెద్దక్షరములు చిన్నక్షరములు వేరువేరు. సున్నకును ‘ఓ’ అను అక్షరమునకును భేదము చూడవలెను. రిమోటుతో ఒక్కొక్క అక్షరమే ఏరుట ముత్యాలముగ్గు పెట్టుటకంటె ఓపిక గోరును. ఎక్కించితిమి. వైఫై గుర్తు నిండుగా వెలిగెను. ఇంటర్నెట్టు మాత్రము లేదనెను!

రిమోటుతో ఆపుట టెలివిజనుకు కునుకు మాత్రమే. అందుచేత ప్లగ్గు ఊడదీసి రెండు నిమిషములు ఆగి పెట్టితిమి. రౌటరునకును అట్లే చేసితిమి. మార్పు లేదు. అప్పుడు ఫోనునే హాట్‌స్పాటుగా మార్చి టెలివిజనును దానికి కలిపితిమి. చక్కగా కలిసినది; అయినను అదే పాట. రెండుచోట్ల ఒకటే జబ్బన్నచో లోపము టెలివిజనులోనిదే. కాని తరంగములను అందుకొనుచున్న యంత్రమునకు ఆ భాగము చెడినదనుట ఎట్లు?

ఈ చిక్కులో నుండగా వెనుకనుండి మా అత్తగారు, “ఏమమ్మా, ఇది జనవరి అంటోందేమిటి? మనం జ్యేష్ఠంలో లేమూ?” అనెను. ప్రతిదినము పంచాంగము చూడనిదే కాఫీ ముట్టని మనిషి. మేము చూచితిమి: తెర మూలను 2019 జనవరి 1 అని యున్నది!

కీలకమంతయు అక్కడనే యున్నది. టెలివిజను ఇంటర్నెట్టులోని ఏ స్థలమును పలుకరించినను అది తన గుర్తింపు పత్రమును చూపును. దానిమీద ఏనాటినుండి ఏనాటివఱకు చెల్లునో వ్రాసియుండును. టెలివిజను దానిని తన గడియారముతో సరిచూచుకొనును. 2019లో నున్నాననుకొను యంత్రమునకు నేటి పత్రము ఇంకను పుట్టనిది. దొంగపత్రమని తలుపు మూయును. పెక్కు టెలివిజనులు విద్యుత్తు లేనప్పుడు కాలమును మఱచిపోవును; పిదప ఇంటర్నెట్టునుండి తెలిసికొనును. మాదానిని తగిలించిననాడు వచ్చిన పనివాడు స్వయముగా తెలిసికొను ఏర్పాటును ఆపి, గడియారమును చేతితో దిద్దిపోయెను. సెట్టింగులలో తేదీ, సమయము అనుచోట ‘ఆటోమేటిక్’ అని మార్చితిమి. నిమిషము గడువకముందే పసిబిడ్డ తెరమీద బోరుమని యేడ్చెను, అత్తగారు నవ్విరి.

ఇంతతో కుదరనివారికి ఇంకొక్క మాట. 2018లో వచ్చిన డబ్ల్యుపిఏ 3 అను తాళపు పద్ధతి పాత టెలివిజనులకు తెలియదు. క్రొత్త రౌటరు తెచ్చినవారు దానిలో పాతపద్ధతియు కలిసియున్న ఏర్పాటు నెన్నుకొనవలెను. ఫ్యాక్టరీ రీసెట్టు మాత్రము కడపటి మందు. అది టెలివిజనులో మనము కూర్చుకొన్నదంతయు తుడిచివేయును.

మఱునాడు అంగడి కుఱ్ఱవాడు ఫోను చేసి, “సారు వచ్చారా అమ్మా?” అనెను. “సారు రాలేదు నాయనా, టెలివిజను వచ్చింది” అంటిమి. పాస్‌వర్డును పెద్ద అక్షరములతో వ్రాసి మా అత్తగారి పంచాంగము అట్టలోపల అంటించితిమి. ఈమాఱు మా వారు వచ్చినప్పుడు తమ ల్యాపుటాపునకు దానిని ఆమెనే అడిగి తీసికొనిరి.