తిట్టు కాని మాట

మా ఊళ్లో నలుగురిలో కలవని పిల్లవాణ్ని "మొద్దు" అనేవారు. చదువుకని పాతబస్తీకి వచ్చి చూస్తే, మన మిత్రులు "ఒరే ఆటిస్టిక్!" అంటున్నారు. తిట్టు అదే, భాషే మారింది.

గ్రీకులో "ఆటోస్" అంటే "తాను". దాన్నుంచే బ్లూలర్ ఈ పదం కట్టాడు. 1943లో కానర్ 11 మంది పిల్లల తీరును ఆ పేరుతోనే వర్ణించాడు. ఇది అంటుకొనే జబ్బు కాదు, మెదడు ఎదిగే తీరు. మా నాన్న జొన్న, కంది ఒకే చేలో వేస్తాడు. జొన్నలా ఎదగలేదని కందిని తిట్టడు.

2016 చట్టం 21 వైకల్యాల్లో ఆటిజాన్నీ చేర్చి హక్కులిచ్చింది. హక్కు అడగాలంటే తల్లి ఆ మాట పైకి అనాలి కదా! మా పక్కింటి ఖాలా కొడుకు సర్టిఫికెట్‌ను దుపట్టా చాటున దాచుకొని వెళ్తుంది. దాచుకొనేలా చేసింది మన వెక్కిరింపే.

"ఆటిస్టిక్" అనాలా, "ఆటిజం ఉన్నవాడు" అనాలా? ఆ మనిషినే అడుగుదాం. తిట్టుగా మాత్రం వద్దు, మిత్రులారా!