పొరుగువారి పండుగ

పొరుగువారి పండుగలో పాలుపంచుకొనుట మన తెలుగునాట కొత్త సంగతి కాదు. పీర్ల పండుగనాడు పీరు నెత్తుకొన్న హిందువును, ఉగాదినాడు దేవుని కడప కోవెలకు పోయి, బీబీ నాంచారిని తమ ఆడపడుచుగా తలచి కొబ్బరికాయ సమర్పించు ముస్లిమును మనము ఎరుగుదుము. కావుననే ఎవరైనను "మా పండుగను మీరు చేయకండి" అన్నచో, ఆ మాట మనకు సంకుచితముగా తోచును. మాకును మొదట అట్లే తోచినది. ఆ అభిప్రాయము ఎట్లు మారినదో మా విద్యార్థులకు చెప్పదలచినాము.

గుంటూరు ప్రాంతమునుండి వచ్చిన క్రైస్తవ అధ్యాపకులొకరు మాకు మిత్రులు. ఈస్టరుకు ముందు తమ సంఘమువారు పస్కా విందు జరిపిన సంగతి వారు ఒకనాడు ఎంతో సంతోషముతో చెప్పినారు. పులియని రొట్టెలు, చేదు కూరలు, నాలుగు గిన్నెల ద్రాక్షరసము అమర్చినారట. ప్రార్థనకు ముందు పొట్టేలు కొమ్ము ఊదినారట. "ఏసుప్రభువు యూదుడే కదా మాస్టారూ! ఆయన చేసిన పండగ మేం చేసుకుంటే తప్పేముంది?" అని అడిగినారు. తప్పేమియు లేదని మేము వెంటనే బదులు పలికినాము. ఆ తరువాతనే యూదులు దీనిని గూర్చి ఏమందురో తెలిసికొనవలెనని బుద్ధి పుట్టి, గ్రంథాలయము వైపు నడచినాము.

ఈ వాడుక గత అర్ధశతాబ్దిలో ముఖ్యముగా అమెరికాలో పెరిగినది. దీనిని అనుసరించువారిలో రెండు తెగలు కలవు. తమ మతము మూలములను ప్రేమించి, ఏడాదికొకసారి పస్కా బల్ల చుట్టు కూర్చుండు సాధారణ క్రైస్తవులు ఒక తెగ. తమను మెస్సియానిక్ యూదులని చెప్పుకొని, శనివారము విశ్రాంతిదినముగా పాటించి, కుచ్చుల ప్రార్థనావస్త్రము కప్పుకొని, యేసును యెషువా అను హీబ్రూ నామముతో కొలుచువారు రెండవ తెగ. 1973లో మొయిషే రోసెన్ స్థాపించిన 'జ్యూస్ ఫర్ జీసస్' సంస్థ యూదులను క్రీస్తు విశ్వాసమునకు తెచ్చుటయే తన ధ్యేయమని దాచక చెప్పినది.

పస్కా రాత్రి యూదుల బల్లపై మూడు పులియని రొట్టెలుండును. నడిమి రొట్టెను విరిచి ఒక ముక్కను దాచుదురు. పిల్లలు వెదకి తెత్తురు. ఈ సంఘములలో ఆ మూడును త్రిత్వమనియు, నడిమిది కుమారుడనియు, దాచుట సమాధి, దొరకుట పునరుత్థానమనియు వ్యాఖ్యానింతురు. రొట్టెపై చారలు, రంధ్రములు క్రీస్తు గాయములట. తాతముత్తాతలనుండి ఈ రొట్టె విరుచుచున్న యూదునితో, "నీవు చేయుచున్నదాని అర్థము నీకు తెలియదు, మాకు తెలియును" అని చెప్పినట్లే గదా ఇది!

ఇందు మరియొక చిక్కు కలదు. యేసు కాలమున పస్కాకు కేంద్రము యెరూషలేము దేవాలయమున బలియైన గొర్రెపిల్ల. క్రీ.శ. 70లో రోమనులు ఆ దేవాలయమును ధ్వంసము చేసిన పిమ్మట, బలిపీఠము లేని జాతికి ఇంటి బల్లనే ఆధారముగా చేసి రబ్బీలు నేటి క్రమమును తీర్చిదిద్దినారు. అనగా క్రైస్తవ సోదరులు నేడు స్వీకరించుచున్నది చాలవరకు యేసు చేసిన పండుగ కాదు. యేసును మెస్సీయగా అంగీకరింపని యూదులు, సర్వమును పోగొట్టుకొనియు కాపాడుకొన్న పండుగ.

చరిత్రలోని గాయమును కూడ మరువరాదు. నాల్గవ శతాబ్దిలో అంతియొకయలో క్రైస్తవులు యూదుల పండుగలకు పోవుచున్నారని క్రిసోస్తొం తన ప్రసంగములలో యూదులనే తీవ్రముగా దూషించినాడు. 1475లో, నేటి ఇటలీలోని ట్రెంట్ నగరమున, పస్కా ఆచారమునకై ఒక క్రైస్తవ బాలుని చంపినారని అబద్ధపు నేరము మోపి యూదులను హింసించి చంపినారు. ఆ బాలుని పేర సాగిన ఆరాధనను కాథలిక్ సంఘము రద్దుచేసినది 1965లో మాత్రమే. ఏ రొట్టె కొరకు తమ పెద్దలు ప్రాణములు కోల్పోయినారో, ఆ రొట్టెనే నేడు ఇతరులు తమ సిద్ధాంతమునకు సాక్ష్యముగా ఎత్తి చూపినపుడు యూదుని మనస్సు ఎట్లుండును?

2018 అక్టోబరు 27న అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో సమాజమందిరముపై జరిగిన కాల్పులలో పదకొండుమంది యూదులు మరణించినారు. రెండు దినముల తరువాత ఒక రాజకీయ సభలో వారి నిమిత్తము ప్రార్థించుటకు పిలువబడినది మెస్సియానిక్ బోధకుడు. ఆయన యేసు నామమున ప్రార్థించినాడు. మృతులకు తమ మతపు ప్రార్థన కూడ దక్కలేదని యూదులు బాధపడినారు. అనేక విషయములలో ఒకరితో ఒకరు విభేదించు యూద శాఖలు, యేసును మెస్సీయగా నమ్ముట యూదమతము కాదనుటలో మాత్రము ఏకమగుచున్నవి. 1989లో ఇజ్రాయేలు సర్వోన్నత న్యాయస్థానమును అట్టి దంపతులకు యూదులుగా వలసవచ్చు హక్కు లేదని తీర్పు చెప్పినది.

అట్లని యూదులు తలుపు మూసికొన్నారనుకొనరాదు. ఆకలిగొన్నవారిని పిలుచుటతోనే ఆ రాత్రి కథ మొదలగును. ఎందరో యూదులు అన్యమత మిత్రులను తమ బల్లకు ఆహ్వానింతురు. 1988లో అమెరికా కాథలిక్ బిషప్పుల మార్గదర్శకములు కూడ పస్కా విందును క్రైస్తవముగా మార్చవలదనియు, యూదుల అర్థమును గౌరవించి జరుపవలెననియు సూచించినవి.

ఇది చదువునపుడు మాకు ఒక పాత సంగతి గుర్తుకు వచ్చినది. మేము ఉద్యోగములో చేరిన కొత్తలో, వేరొక కళాశాల వార్షికోత్సవమున విద్యార్థులు మతసామరస్యముపై నాటిక వేసినారు. అందొక బాలుడు వేదికపై నమాజు చేసినాడు. సజ్దాలో నుదురు నేలకు ఆనించగానే చప్పట్లు మ్రోగినవి. తెర పడిన పిమ్మట ఆ పిల్లలు వచ్చి, "ఎలా ఉంది సార్?" అని ఆశగా అడిగినారు. "బాగున్నది" అన్నాము. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వారిలో ద్వేషము లేదు, ప్రేమయే ఉన్నది. అయినను మా నాయనమ్మ తెల్లవారుజామున ఒంటరిగా చేసిన సజ్దాకు ఎవరో చప్పట్లు కొట్టినట్లు తోచినది. ఆ మాట ఆ పిల్లలతో చెప్పలేకపోయినాము.

మరి పీరు నెత్తుకొన్న హిందువు మమ్మెన్నడును ఏల నొప్పింపలేదు? అతడును తనదైన అర్థము చెప్పుకొనును గదా! అయినను అతడు మొక్కుకొని వచ్చినాడు. "కర్బలాను మీరు సరిగా ఎరుగరు" అని మా నాయనమ్మకు బోధింపలేదు. ఈ గీత అన్నివేళల స్పష్టముగా ఉండదని ఒప్పుకొందుము.

మన అద్దములోను చూచుకొనవలెను. మదీనాలో యూదులు మూసా ప్రవక్త విమోచనకు కృతజ్ఞతగా ఉపవసించుట చూచి మహనీయ ప్రవక్త తామును ఆషూరా ఉపవాసము పాటించినారు. పిదప భేదము కనబడునట్లు తొమ్మిదవ నాడును ఉపవసింప సంకల్పించినారు. అందు ప్రేమయు కలదు, హద్దును కలదు. అయినను "మూసా మావారు, ఈసా మావారు" అని మేము తరగతిలో ఉత్సాహముతో పలుకునపుడు, ఎదుటి బల్లపై కూర్చున్న క్రైస్తవ విద్యార్థికి అది ఎట్లు వినబడునో ఎన్నడైన ఆలోచించితిమా? లేదు. మా విశ్వాసమును విడువము. పలుకు తీరును మాత్రము దిద్దుకొన్నాము.

ఇదంతయు మిత్రునితో చెప్పినాము. వారు చాలసేపు మౌనముగా ఉండి, "మా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదమతం పాటించే తెలుగు కుటుంబాలున్నాయి మాస్టారూ. ఒకప్పుడు క్రైస్తవులే. ఇన్నాళ్లూ వాళ్లను ఒక్క మాట అడగలేదు" అన్నారు. బెనె ఎఫ్రాయిములని పేరుగల ఆ కుటుంబములు ఒక ఇంటిని విడిచి మరియొక ఇంటి తలుపు తట్టినవి. "వచ్చే పస్కాకు వాళ్లు పిలిస్తే వెళ్లి ఒక మూల కూర్చుంటాను" అని మిత్రుడు అన్నప్పుడు మాకు కలిగిన సంతోషము ఇంతింతనరాదు.

విద్యార్థులారా! మన కళాశాలలో అన్ని మతములవారు కలరు. ఒకరి పండుగకు ఒకరు తప్పక పోవలెను. అయితే పిలిచినపుడు పోవలెను. దాని అర్థమును ఆ ఇంటివారినే అడుగవలెను. వారు ఒకచోట "ఇచట ఆగుము" అన్నచో, కినుక వహింపక ఆగవలెను.