గంపగుత్త

2023 అసెంబ్లీ ఎన్నికల ముందు వరంగల్ మండీబజార్ వెనక మా గల్లీకి ఒక సర్వే పిల్లగాడు వచ్చాడు. చేతిలో ట్యాబ్. మా తలుపు మీది పేరు చదివాడు. మేము నోరు తెరవకముందే ‘మైనారిటీ’ అన్న గడి నొక్కేశాడు. ఏ పార్టీ తరఫున వచ్చావంటే కంపెనీ తరఫున అన్నాడు.

అమ్మీ అతన్ని కూర్చోబెట్టి చాయ్ పోసింది. పింఛను గురించి చెప్పింది. మోరీ గురించి చెప్పింది. ఏనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోసే మా చిచ్చా నడుమునొప్పి గురించి చెప్పింది. అతను తల ఊపుతూ విన్నాడు గానీ వేలు కదల్లేదు. ఆ మాటలకు అందులో గళ్ళు లేవు.

“బేటా, మా ఇంట్ల నాలుగు ఓట్లు. నాలుగు నాలుగు దిక్కులు పోతయి. నీ డబ్బాల ఒక్కటే ఎట్లయింది?” అని అడిగింది.

“నాకు తెల్వదమ్మా. వాళ్ళు ఇట్లనే ఇచ్చిండ్రు” అన్నాడు. పాపం, రోజు కూలి పిల్లగాడు. అతన్ని ఏమనగలం?

ఆ ‘వాళ్ళు’ ఎవరో ఇప్పుడు అందరికీ తెలుసు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ 175 సీట్లలో 151 గెలిచినప్పుడు వెనక ప్రశాంత్ కిశోర్ ఐప్యాక్ ఉంది. 2023లో తెలంగాణలో కాంగ్రెస్ 119లో 64 గెలిచినప్పుడు వెనక సునీల్ కనుగోలు బృందం ఉంది. 2022 డిసెంబరులో సోషల్ మీడియా పోస్టుల మీద కేసు పెట్టి హైదరాబాద్‌లో ఆ బృందం ఆఫీసును పోలీసులు సోదా చేశారు. ఒకప్పుడు పార్టీలు కార్యకర్తల కోసం కొట్లాడుకునేవి. ఇప్పుడు కంప్యూటర్ల కోసం కొట్లాడుకుంటున్నాయి.

ఇదంతా కొత్త అనుకున్నాం. ఆబిడ్స్ ఆదివారం పాత పుస్తకాల్లో ఒక ఇంగ్లీషు నవల దొరికేదాకా అట్లాగే అనుకున్నాం. పేరు ‘ది 480’. 1964లో యూజీన్ బర్డిక్ రాశాడు. జాన్ థాచ్ అనే ఇంజనీరును కొందరు రాజకీయ నిపుణులు కంప్యూటర్ లెక్కలతో అమెరికా అధ్యక్ష పదవి వైపు నడిపించే కథ. ఏ మాట ఎవరికి ఎక్కుతుందో యంత్రం చెబుతుంది, మనిషి ఆ మాట పలుకుతాడు.

ఆ కథకు మూలం నిజం. 1959లో పుట్టిన సైమల్‌మాటిక్స్ అనే కంపెనీ అమెరికా ఓటర్లను 480 రకాలుగా విడగొట్టి, 1960లో కెనెడీ పార్టీకి నివేదికలు ఇచ్చింది. మొదటి నివేదిక ఎవరి మీదో తెలుసా? ఉత్తరాది నగరాల నల్లజాతి ఓటర్ల మీద. అది చదివాక మేము పుస్తకం కాసేపు పక్కన పెట్టాం. ఎక్కడైనా ముందు తూకానికి ఎక్కేది మనలాంటి వాళ్ళే.

అయినా అమెరికా వాడు 480 గళ్ళు గీశాడు. మాకు ఒక్కటే గడి. 2007 చట్టం బీసీ-ఈ కింద 14 ముస్లిం సమూహాలను చేర్చింది. అత్తరు సాయిబులు, ఖురేషీలు, ఫకీర్లు, గారడీ సాయిబులు అందులో ఉన్నారు. దూదేకులవాళ్ళు బీసీ-బీలో ఉన్నారు. 2024లో జరిగిన తెలంగాణ కులగణన ప్రకారం రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతం, అందులో 10.08 శాతం బీసీలే. సర్కారు లెక్కలో ఇన్ని రకాలుగా ఉన్న మేము ఓట్ల లెక్కకు వచ్చేసరికి ఒకే ముద్ద ఎట్లా అయినాం?

సెక్యులర్ మిత్రులారా, తప్పంతా మీ మీదికి తోయడం లేదు. మా చేతులకూ ఈ మరక ఉంది. ఆ ఎన్నికల్లో మేమూ విశ్లేషణ రాశాం. ‘ముస్లిం ఓట్లు గంపగుత్తగా’ అని రాశాం. ఎవరినీ అడగలేదు. చాయ్ హోటల్లో ఒకాయన అన్నాడు, మేము రాశాం. ఆ పిల్లగాడు తలుపు మీది పేరన్నా చదివాడు, మేము అదీ చేయలేదు. ఇరవై ఏళ్ళ పైగా ఈ వృత్తిలో ఉండి, సుబేదారి ఆర్ట్స్ కాలేజీలో చదువుకుని, ఇంట్లో ఉర్దూ బయట తెలుగు మాట్లాడుతూ, మా వాళ్ళను మేమే మూటగట్టాం.

అమ్మీకి తెలుగు చదవడం రాదు. పేపర్లో నా పేరు చూపించి చదవమంది. ఆ మాట దగ్గర ఆపింది.

“గుత్త అంటే నాకు ఎరికే. మామిడితోటను గుత్తకిస్తరు, చెరువుల చేపలను గుత్తకిస్తరు. మమ్మల్ని గుత్తకిచ్చింది ఎవరు? నువ్వేనా?”

మేము జవాబు చెప్పలేదు. ఆ తర్వాత ఎన్నికల వార్తలు చాలా రాశాం గానీ, ఆ మాట మళ్ళీ రాయలేదు. ఇప్పుడు రాసేముందు గల్లీలోకి పోయి కనీసం పది తలుపులు కొడుతున్నాం. పది ఇళ్ళలో పది మాటలు వినబడుతున్నాయి. వాటిని ఒక్క శీర్షికలో ఇరికించడం కష్టంగా ఉంది. ఎడిటర్‌కు కోపం వస్తోంది. రానీయండి.