దుబాసి నుంచి అనువాదకుడి దాకా

కొవ్వూరు గోష్పాద రేవులో నిలబడితే ఎదుటి ఒడ్డు రాజమహేంద్రవరం. రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతాన్ని తెనిగించింది అక్కడే. దాన్ని అనువాదం అనడానికి నాకు నోరు రాదు. మీమాంసకుల పరిభాషలో అనువాదమంటే ఇదివరకే తెలిసినదాన్ని మళ్లీ చెప్పడం; విధించే శక్తి లేని వాక్యం. నన్నయ చేసింది అది కాదు కదా! ఆయనకు తోడుగా నిలిచిన నారాయణభట్టుకు నందంపూడి ఊరే దానంగా దక్కింది. (ఇప్పుడు పేజీకింత అంటారు, అదీ ఆలస్యంగా.)

దుబాసి కథ వేరు. ద్విభాషి అరిగి దుబాసి అయ్యాడు. పేరుకు రెండు భాషలు తెలిసినవాడు. చెన్నపట్నంలో కుంపినీ దొరలకు బేరాలు కుదిర్చి, అప్పులు పుట్టించి, ఇంటి ఖర్చులు కూడా చూసేసరికి ఆ మాటకు దళారీ వాసన అంటుకుంది. అయినా ఆ పట్నం సుప్రీంకోర్టులోనే ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయల్దేరి, మనకు గొప్ప యాత్రాచరిత్ర మిగిల్చాడు.

అరబ్బీ నుంచి వచ్చిన తర్జుమా కచేరీ కాగితాలకు అతుక్కుపోయింది. దాని చుట్టమే ఐరోపాకు వెళ్లి డ్రాగొమన్ అయింది; అదీ దుబాసి లాంటివాడి పేరే.

ఇన్ని పేర్లలో ‘తెలుగు చేసినవారు’ అన్నదే నాకిష్టం. ప్రచురణకర్తలకు ఒక మనవి: ఆ పేరు లోపలి పేజీలో కాదు, అట్ట మీదే వేయండి.