అందరిదీ అన్న మాట మీద

డెబియన్‌కి దాన్ని తయారుచేసేవాళ్ళు పెట్టుకున్న బిరుదు ‘సార్వత్రిక ఆపరేటింగ్ సిస్టమ్’. సార్వత్రికం అనగానే స్త్రీవాదులమైన మనకి ముందు కలిగేది అనుమానమే. మానవుడంటూ మొదలుపెట్టి మగవాడి దగ్గర ముగిసిన పుస్తకాలు చాలానే చదివాం, వాటినే పాఠాలుగా చెప్పాం కూడా. మా స్త్రీల గ్రంథాలయంలో మూడు కంప్యూటర్లకి డెబియన్ ఎక్కించే పని నా మీద పడినప్పుడు, ఈ సార్వత్రికం ఏపాటిదో చూద్దామనే కూర్చున్నాను.

మూడూ మూడు జాతులు. స్త్రీల సంస్థలకి కొత్త యంత్రాలు ఎప్పుడొచ్చాయి గనక! ఒకటి, ఎవరో ఆఫీసు మూసేస్తూ ఇచ్చిన పెంటియం 4 డెస్క్‌టాప్. రెండోది అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై బోర్డు. మూడోది ఒక స్నేహితురాలి లాప్‌టాప్. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 కోరే టీపీఎం 2.0 ఇందులో లేదు. నిక్షేపంగా పనిచేస్తున్నదాన్ని ఇంట్లో చెత్త కింద లెక్కగట్టేశారు.

ముందు డెస్క్‌టాప్ మూత విప్పాం. గ్రంథాలయం చూసుకునే అమ్మాయి టార్చి పట్టుకుంది. ఆ కాలపు యంత్రాల్లో హార్డ్ డిస్కునీ సీడీ డ్రైవునీ ఒకే వెడల్పాటి కేబుల్‌కి తగిలించేవారు. ఏది ఏదో యంత్రానికి తెలియడానికి వెనక పిన్నుల మీద చిన్న జంపర్ పెట్టాలి. ఎక్కడ పెట్టాలో డిస్కు మీదే అచ్చువేసి ఉంది: మాస్టర్, స్లేవ్.

“ఇదేంటి మేడమ్, ఇక్కడ కూడానా?” అంది అమ్మాయి.

ఇక్కడ కూడానే. కొత్తగా రాసే కోడ్‌లో ఆ జంట మాటలు వద్దని లినక్స్ కెర్నెల్ రాసేవాళ్ళు 2020లో నిర్ణయించుకున్నారు. మాటల్లో ఏముందిలే అనేవాళ్ళు ఎలాగూ ఉంటారు. మన పత్రికల్లో పదాల గురించి వాదించినప్పుడు మాత్రం లేరా?

ఆ యంత్రం పెన్‌డ్రైవ్ నుంచి లేవలేదు, డిస్కు రాసి పెట్టాం. అసలు చిక్కు అది కాదు. దాని ప్రాసెసర్ 32 బిట్‌ది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో అలాంటి పీసీలకి ఇన్‌స్టాలరూ లేదు, కెర్నెలూ లేదు. అందుకని 12 వేశాం. నడుస్తోంది, కానీ దాని ఆయుష్షుకి గడువుంది. అందరిదీ అన్న వ్యవస్థ గుమ్మం బయట మొదట నిలబడింది దానంగా వచ్చిన యంత్రమే కావడం నాకేమీ ఆశ్చర్యంగా లేదు. అయినా కోపం తెచ్చుకోలేకపోయాను. ప్రతి రకం యంత్రం కోసం ఎవరో ఒకరు కూర్చుని, పరీక్షించి, చెడినచోట సరిచేస్తూ ఉంటేనే ఆ యంత్రం ‘అందరి’లో ఉంటుంది. డెబియన్‌లో ఆ పని చేసేది స్వచ్ఛంద సేవకులు. ఇంటిచాకిరీ లాంటిదే ఇదీ. జరుగుతున్నంత కాలం ఎవరికీ కనబడదు.

రాస్ప్‌బెర్రీ పైలో ఉండేది ఫోన్లలో వాడే ఏఆర్ఎమ్ జాతి ప్రాసెసర్. పీసీ కోసం చేసిన డిస్కు దానికి పనికిరాదు. దాని ఇమేజ్ వేరు, మెమరీ కార్డు మీద రాసి దూర్చాలి. అది తొందరగానే అయిపోయింది.

లాప్‌టాప్‌ని అమ్మాయికే వదిలేశాను. గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు ఎంచుకుంది. తర్వాత వైఫై అడక్కుండానే పలికింది. ఈ సులువు వెనక పెద్ద తగువే నడిచింది. చాలా వైఫై, సౌండు చిప్‌లకి తయారీ కంపెనీ రాసిన ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. దాని సోర్స్ కోడ్ బయటపెట్టరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి కట్టుబడ్డామన్న డెబియన్ ఏళ్ళ తరబడి దాన్ని అధికారిక ఇన్‌స్టాలర్‌లోకి రానివ్వలేదు. మంచి నియమమే. అయితే మొదటి తెర మీద ‘ఎస్’ నొక్కితే ఈ ఇన్‌స్టాలర్ ప్రశ్నలన్నీ పైకి చదివి వినిపిస్తుంది. చూపులేనివాళ్ళు ఇంకొకరి మీద ఆధారపడకుండా వేసుకోవడానికి చేసిన ఏర్పాటది. సౌండు చిప్‌కి ఫర్మ్‌వేర్ లేకపోతే ఆ గొంతే రాదు. 2022లో సభ్యులు ఓటింగ్ పెట్టుకుని ఫర్మ్‌వేర్‌ని చేర్చాలన్నారు, 2023లో వచ్చిన 12 నుంచి చేర్చారు.

నియమం సడలిందని నొచ్చుకున్నవాళ్ళ బాధ మనకి కొత్త కాదు. విశ్వవిద్యాలయాల్లోకి స్త్రీ అధ్యయన కేంద్రాలుగా వెళ్ళాలా, బయటే ఉండాలా అని మనమూ కొట్టుకున్నాం. నేను మాత్రం ఓటుతో గెలిచినవాళ్ళ పక్షమే. చూపులేని మనిషిని వాకిట్లో నిలబెట్టి లోపల కాపాడుకునే స్వేచ్ఛ మీద నాకు మోజు లేదు.

తర్వాత యంత్రానికి ఓ పేరు పెట్టమంటుంది. తెర ఎంత తెలుగైనా పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ముందే రాసి ఉన్న ‘డెబియన్’ చూసి, “అసలీ పేరు ఎక్కడిది?” అని అడిగింది. 1993లో ఇయన్ మర్డాక్ అనే విద్యార్థి దీన్ని మొదలుపెట్టాడనీ, స్నేహితురాలు డెబ్రా పేరునీ తన పేరునీ కలిపి పెట్టాడనీ చెప్పాను.

“మరి డెబ్రా ఏం చేసింది మేడమ్?”

నేను చదివిన చరిత్రల్లో ఆవిడ కథ ఆ పేరు దగ్గరే ఆగిపోతుంది. డెబియన్ విమెన్ అనే బృందం ఏర్పడింది 2004లో, పదకొండేళ్ళ తర్వాత. అదే చెప్పాను. అమ్మాయి కాసేపు ఆలోచించి, ఉన్న పేరు చెరిపేసి, డెబ్రా అని కొట్టి, ‘కొనసాగించు’ నొక్కింది.