పూల వెల

మాది అనంతపురం. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనే మెట్టసీమ. ఇక్కడ పువ్వు పూయడం వెనుక ఎంత శ్రమ ఉంటుందో పుట్టి పెరిగిన నాకు తెలిసి ఉండవలసింది. కాని తెలియలేదు.

కొన్నేళ్ల క్రితం ఒక వేసవిలో బెంగళూరులోని ఒక నర్సరీలో ఆర్కిడ్ మొక్కను చూశాను. కాడ నిండా ఊదారంగు పూలు సీతాకోకచిలుకల్లా వాలి ఉన్నాయి. యజమాని ఆరువందలన్నాడు. మారుమాట లేకుండా ఇచ్చి, కుండీని ఒడిలో పెట్టుకొని బస్సెక్కాను. కొద్దివారాలకే పూలు రాలిపోయాయి. వడగాలికి ఆకులు వాడాయి. ఎండకు భయపడి నేను రోజూ పోసిన నీటికి వేర్లు కుళ్లిపోయాయి.

ఆర్కిడ్ గురించి తరువాత చదివాను. ధూళివంటి దాని విత్తనంలో మొలకకు కావలసిన ఆహారం ఉండదు. అడవిలో శిలీంధ్రం తోడ్పడితేనే మొలకెత్తుతుంది. ప్రయోగశాలలో గాజుసీసాలలో పెంచినా పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. కనుక దాని వెల అన్యాయం కాదు. నేను కొన్న తీరే తెలివితక్కువది. పూలన్నీ విచ్చిన మొక్క కంటే కొన్ని మొగ్గలున్నది మేలు. వేర్లు గట్టిగా ఉన్నాయా, మా పొడిగాలికి నిలుస్తుందా అని అడగవలసింది. అడవిలో పెరికి తెచ్చిన మొక్కనైతే ఎంత చౌకైనా కొనరాదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం గడియార స్తంభం దగ్గర కనకాంబరాలు బేరమాడాను.

“మూర ఇరవయ్యా? పదిహేనుకియ్యక్కా!”

“తెల్లారకముందే టార్చిలైటు పెట్టుకొని కోసినాం సామీ. ఇవి తక్కెట్లో తూగే పూలు కావు. వెయ్యి కోసినా పిడికెడే. పొద్దు గూకింది, తీసుకోండి” అంటూ పదిహేనుకే ఇచ్చింది.

గెలిచానన్న సంతోషంతో ఇంటికి వచ్చాను. గడప పక్కన ఎండిన ఆర్కిడ్ కుండీ కనిపించింది. ఆరువందలకు నోరు మెదపని నేను, అయిదు రూపాయల కోసం ఎవరితో వాదించానో అప్పుడు తెలిసివచ్చింది.

మరునాడు ఆ అయిదు రూపాయలు ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. “ఇంకో మూర కొనండి సామీ, చాలు” అంది. ఇరవై ఇచ్చి కొన్నాను.

బేరమాడడం తప్పని నేననను. వస్తువును పరిశీలించాలి, ప్రశ్నించాలి. కాని అద్దాల అంగడిలో మూగబోయి, వీధి గంప ముందు మాత్రమే పెగిలే నోటిని వివేకమనలేము. వస్తువు వెనుక ఉన్న శ్రమను ఎరిగి చెల్లించేదే న్యాయమైన వెల.